గాలి పీల్చు ఇంజను

అనకాపల్లి పేరు చెప్పినంతనే శ్రోతలకు బెల్లము జ్ఞప్తికి వచ్చును. మాకు బెల్లముతో పాటు ఒక పాత అంబాసిడరు కారును, దాని ఇంజను ప్రక్కనుండి వినవచ్చిన సన్నని 'సుయ్'మను శబ్దమును గూడ జ్ఞప్తికి వచ్చును. ఆ శబ్దము పామువలె బుసకొట్టినది కాదు. తొలుత అసలు చెవికే ఆనలేదు. ఆననందువలననే మా మేనమామ ఇంచుమించు అప్పుల పాలై యుండును.

ఇది 2008వ సంవత్సరము మాఘమాసములోని మాట. అప్పటికి అనకాపల్లి విశాఖపట్నము జిల్లాలోని పట్టణము. ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది 2022 ఏప్రిలు 4వ తేదీన. 1913లో స్థాపితమైన అచ్చటి చెరకు పరిశోధన కేంద్రములో ఒక శాస్త్రజ్ఞునితో సంభాషణ రికార్డు చేసికొనుటకు మేము వెళ్ళి, రెండు దినములు మేనమామగారింట బస చేసితిమి. గానుగలు ముమ్మరముగా ఆడుచున్న రోజులవి. ఊరి చుట్టు ఏ దిక్కున నిలిచినను కాగుచున్న చెరకు పాలవాసన ముక్కుకు తగులుచుండెను.

మామయ్యకు ఆస్తి యనదగినది ఆ అంబాసిడరు ఒక్కటే. దానిని టాక్సీగా నడపి, నర్సీపట్నము దారిలో పెండ్లివారిని, రోగులను, అప్పుడప్పుడు లంబసింగి చలి చూడగోరిన వారిని చేరవేయుచుండెను. ఆ టాక్సీ మీదనే కూతురును చదివించెను. ఆ కూతురి పెండ్లికి మూడు వారములు గడువున్నది. సరిగ్గా అప్పుడే బండి మొరాయించెను.

దాని లక్షణములు ఇవి. తెల్లవారి స్టార్టు చేసినచో ఇంజను నిలకడగా నడువదు. ఎవరో ఆక్సిలరేటరు నొక్కి వదలుచున్నట్లు దానంతటదియే హెచ్చుచు తగ్గుచుండును. నడుమ నడుమ మిస్సింగు. నిలిపియుంచిన బండిని కదలింపబోయినపుడు కార్బురేటరులో 'టప్పు'మని ప్రేలును. చోకు కొంచెము లాగిపెట్టినచో బుద్ధిగా నడుచును. చోకు మూసినంతనే మరల మొదటికి వచ్చును. పెట్రోలు ఖర్చు పెరిగినది. వెనుకనుండి నల్లనిపొగ గూడ వచ్చుచుండెను.

బండిని చూచిన ఒక షెడ్డులో, పొగను చూపి, పిస్టను రింగులు అరిగినవి, ఇంజను దింపి రీబోరు చేయవలెనని చెప్పిరట. అందుకు ఇరువదివేలకు పైమాట. మామయ్యకు రెండు దారులు కనిపించెను: పరిచితుడైన బెల్లపు వర్తకుని యొద్ద వడ్డీకి తెచ్చుట, లేదా వచ్చినకాడికి బండిని తెగనమ్ముట. అప్పు చేసినచో పెండ్లిఖర్చు ఎట్లు? అమ్మినచో పెండ్లి తరువాతి బ్రదుకు ఎట్లు? ఆ రాత్రి భోజనముల యొద్ద ఆయన ఈ రెండు ప్రశ్నలను పైకి అనలేదు. కాని అత్తయ్య వడ్డించుచున్నంతసేపును పళ్ళెములోనికే చూచుచుండుటను బట్టి మాకు అర్థమైనది.

మేము విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము చదివితిమి. వాయుపీడనమును గూర్చి పరీక్షలలో పుటలకొలది వ్రాసితిమి. మరునాడు ఉదయము బానెట్టు ఎత్తి చూచి మేము కనుగొన్నది మాత్రము ఏమియు లేదు. కనుగొన్నవాడు ఎదురువీధి చివర పాకలో పని చేయు ఒక ముసలి మేస్త్రి. ఆయన బండిని వెంటనే ముట్టుకొనలేదు. ముందుగా మామయ్యను ప్రశ్నించెను.

"ఈ జబ్బు ఎప్పట్నించి బాబూ?"

"సంకురాత్రి ముందు నుంచి, మేస్త్రీ."

"దానికి ముందర ఏటి పని సేయించినావు?"

మామయ్య కొంచెము ఆలోచించి, పొగగొట్టపు మానిఫోల్డు పగిలినందున మరియొక చోట మార్పించితినని చెప్పెను. మేస్త్రి తల ఊపి, స్పార్క్ ప్లగ్గులు నాలుగును విప్పి, వరుస తప్పకుండ గుడ్డమీద పేర్చెను. ముందరి రెండు సిలిండర్ల ప్లగ్గులు సున్నపు రంగున తెల్లబారియున్నవి. వెనుకటి రెండును మసితో నల్లబడియున్నవి. ఆయనకు సగము రోగము అక్కడనే తెలిసిపోయినదని మాకు తరువాత బోధపడినది.

ఇక్కడ ఇంజను శ్వాసను గూర్చి కొంత చెప్పవలెను. పెట్రోలు తనంతట తాను మండదు. దానికి గాలి తోడు కావలెను. తూకమున పెట్రోలు ఒక పాలుకు గాలి సుమారు 14.7 పాళ్ళు ఉన్నచో దహనము పూర్తియగును. కొలతలో చెప్పుకొన్నచో ఒక లీటరు పెట్రోలు మండుటకు దాదాపు 9,000 లీటర్ల గాలి కావలెనన్నమాట. ఆ పాళ్ళు కుదుర్చునది పాత బండ్లలో కార్బురేటరు. అది కలిపియిచ్చిన గాలిని, పెట్రోలును సిలిండర్లకు పంచిపెట్టు కొమ్మల గొట్టమునకే ఇన్‌టేక్ మానిఫోల్డని పేరు. ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నపుడు కార్బురేటరు ద్వారము ఇంచుమించు మూసియుండును. పిస్టన్లు మాత్రము పీల్చుచునే యుండును. అందుచేత ఆ గొట్టములో శూన్యము ఏర్పడును. వెలుపలి వాతావరణము పాదరసమును 30 అంగుళముల ఎత్తు నిలుపగలిగినపుడు లోపలి పీడనము సుమారు 9 నుండి 13 అంగుళముల నడుమనే యుండును. ఇంతటి వ్యత్యాసమున్నచోట వెండ్రుకవాసి సందు దొరకినను వెలుపలి గాలి లోపలికి దూసికొనిపోవును. ఆ గాలి కార్బురేటరు లెక్కలోనిది కాదు. పెట్రోలును వెంటబెట్టుకొని రాదు. మిశ్రమము పలుచబడును. పలుచబడిన మిశ్రమము ఒకసారి అంటుకొనును, ఒకసారి అంటుకొనదు. అంటుకొన్నను మెల్లగా మండి, తరువాతి వాల్వు తెరచుకొను వేళకు ఇంకను నిప్పుండును. కార్బురేటరులో ప్రేలుడు దానివలననే. ఆక్సిలరేటరు గట్టిగా నొక్కినపుడు ద్వారము తెరచుకొని శూన్యము తగ్గును గనుక దోషము దాగుకొనును. "పరుగులో బాగానే ఉంటుంది, నిలబడితేనే పేచీ" అని మామయ్య అనుచుండిన మాటకు అర్థమిదియే.

ఇంత శాస్త్రమును మేస్త్రి ఒక్క మాటలో ముగించెను. "సుట్ట పైఆకు సిరిగిందనుకో బాబూ. ఎంత లాగినా పొగ రాదు, గాలే వత్తాది. ఇదీ అంతే." అడ్డపొగ త్రాగువారు ఉన్న సీమలో ఇంతకంటె మంచి ఉపమానము మాకు పాఠ్యపుస్తకములలో కనిపించలేదు.

ప్లగ్గుల సంగతి చెప్పవలసియున్నది. అంబాసిడరు 1958 నుండి 2014 వరకు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారైనది. దానిలో చాలకాలము వాడుకలోనున్న 1,489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఇంగ్లండులో రూపొందినది. అందు నాలుగు సిలిండర్లకు గాలి లోనికి పోవు ద్వారములు రెండే; ముందరి రెండింటికి ఒకటి, వెనుకటి రెండింటికి ఒకటి. ముందరి ద్వారము వద్ద అతుకు వదులైనచో పలుచబడునది ముందరి జంట మాత్రమే. ఆ ప్లగ్గులు తెల్లబారుట అందువలన. వెనుకటి జంట నల్లబడుటకు కారణము మనుష్యుడు. ఇంజను నిలకడగా లేదని షెడ్డువారు స్క్రూ త్రిప్పి పెట్రోలు హెచ్చించిరి. దోషము లేని రెండు సిలిండర్లకు అది అజీర్ణమైనది. నల్లపొగ అక్కడిది. నూనె కాలినచో పొగ నీలిరంగున నుండును. నల్లపొగ ఎక్కువైన పెట్రోలుది. రింగులు అరిగినవన్న తీర్పు ఈ ఒక్క రంగు తేడా వద్దనే వీగిపోయినది. అయినను మేస్త్రి తన తృప్తికొరకు ప్లగ్గులు మరల బిగించి, డిక్కీలోని హేండిలు తెప్పించి, ముందునుండి చేతితో ఇంజనును మెల్లగా త్రిప్పెను. ఒక్కొక్క సిలిండరు ఎదురొడ్డు బలము చేతికి తెలియును. "నాలుగూ సమానంగానే తంతన్నాయి. ఇంజనుకేటీ అవ్వలేదు" అనెను. మామయ్య గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి అరుగుమీద కూర్చుండెను.

లీకు ఎక్కడనో తేల్చుట మిగిలినది. మూరెడు రబ్బరు గొట్టము తెచ్చి, ఒక కొన చెవిలో పెట్టుకొని, రెండవ కొనను నడుచుచున్న ఇంజను ప్రక్కన అతుకు వెంబడి నడిపించెను. ముందరి ద్వారము దగ్గర మా చెవికి గొట్టము అందించెను. 'సుయ్'. ఫ్యానుకు దగ్గరగా వంగవలసివచ్చుటచేత, అంతకు ముందే మా కండువా తీయించి దూరముగా పెట్టించెను. తరువాత నూనెడబ్బాతో ఇంజను ఆయిలు రెండు చుక్కలు ఆ అతుకుపై విడిచెను. చుక్కలు లోపలికి పీల్చుకొనిపోయినవి. ఒక క్షణము శబ్దము ఆగి, ఇంజను నడక మారి, మరల యథాప్రకారమయ్యెను. కార్బురేటరు అడుగున, డిస్ట్రిబ్యూటరునకు పోవు సన్నని గొట్టము మొదలునను గూడ ఇట్లే చూచెను. ఎన్నో బండ్లలో దోషము ఆ చవుకగొట్టమునకే యుండును. ముందుగా చూడదగినది అదియే.

ఈ పరీక్షను గూర్చి శ్రోతలకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. కొందరు నూనెకు బదులు పెట్రోలు చల్లుదురు. నేడు డబ్బాలలో దొరకు కార్బురేటరు క్లీనరు కొట్టుదురు. ఇటువంటి ఇంజనులలో గాలి గొట్టము, పొగ గొట్టము ఒకే ప్రక్కన జానెడు దూరములో నుండును. కాలుచున్న ఇనుముపై పెట్రోలు పడినచో బండియు, మనిషియు మిగులరు. మేస్త్రి ఈ పనిని ఉదయమున, ఇంజను చల్లగా ఉన్నపుడే మొదలుపెట్టి, పొగగొట్టము వేడెక్కకమునుపే ముగించెను. సబ్బునీటి తుంపరతోను, తడిగుడ్డతోను గూడ ఇదే పరీక్ష చేయవచ్చును.

మానిఫోల్డు విప్పుట మధ్యాహ్నము వరకు పట్టినది. బ్యాటరీ తీగ తీసి, పెట్రోలు గొట్టమును, కార్బురేటరును విడదీసిన పిదప నట్ల వంతు వచ్చెను. వేడికి తుప్పుపట్టిన నట్లను ఒక్క ఊపున లాగినచో స్టడ్డులు విరుగును. మేస్త్రి ముందటి రాత్రియే వానిపై కిరసనాయిలు, నూనె కలిపి పోయించియుండెను; అయినను ఒకటి విరిగెను. దానిని పీకుటకు పట్టిన గంటన్నరలో ఆయన ఎవరితోను మాటలాడలేదు.

విప్పిన తరువాత దోషము కంటికి కనిపించినది. ఈ ఇంజనులో కొన్ని స్టడ్డులపై ఒకే పెద్ద వాషరు, ఇటు గాలి మానిఫోల్డు రెక్కను, అటు పొగ మానిఫోల్డు రెక్కను ఒక్కసారిగా నొక్కిపట్టును. రెండు రెక్కల మందము ఒక్కటైనపుడే ఆ ఏర్పాటు నెగ్గును. సంక్రాంతికి ముందు మార్చిన పొగ మానిఫోల్డు రెక్క పాతదానికంటె మందము. వాషరు ఒరిగి దానినే నొక్కినది. గాలి మానిఫోల్డు రెక్క పేరునకే నిలిచియుండెను. గాస్కెట్టుపై ఆ భాగమున నొక్కుడు గుర్తైనను లేదు. దానిపై గాలిదారి వెంట దుమ్ముగీత మాత్రము కాటుకవలె సన్నగా దిద్దినట్లున్నది.

మామయ్య అప్పుడు అడిగిన ప్రశ్న సమంజసమైనది: "బంక గట్టిగా రాసి బిగించేస్తే పోదా, మేస్త్రీ?" నేటికిని పలువురు చేయునది అదియే. సాధారణమైన సిలికాను బంక పెట్రోలు తగిలినచో ఉబ్బి మెత్తబడును. ఊడిన తునుకలు ఇంజను లోనికి పోవును. పైగా ఒరిగిన వాషరును ఏ బంకయు నిలువబెట్టదు. మేస్త్రి రెండు మానిఫోల్డులను ఒక సంచిలో వేసికొని, చెరకు గానుగల రోళ్ళు సాన పట్టు లేతు దుకాణమునకు పోయెను. ఆ మందపు రెక్కను ఇవతలి దానికి సమముగా చెక్కించి, అతుకు ముఖములను గూడ చదును చేయించి తెచ్చెను. స్టీలు స్కేలు నిలువున ఆనించి, దానిక్రింద ఫీలరు గేజి ఆకు దూరునేమో అన్ని దిక్కుల చూచెను.

ఇంజను ప్రక్కనున్న ముఖమునకు అంటుకొనియున్న పాత గాస్కెట్టును గీకుటకు ముందు ద్వారములలో గుడ్డలు కుక్కెను. పెంకు ఒక్కటి లోపల పడినను వాల్వు చెడును. పాత గాస్కెట్టులలో ఆస్బెస్టాసు ఉండెడిది. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు అందరికి తెలిసినదే. పాత బండ్లపై పని చేయువారు దానిని తడిపి గీకవలెను గాని, పొడిగా గీకి నోటితో ఊదరాదు. ఆనాడు మేస్త్రి ఊదెను. మేము ప్రక్కనే నిలిచి చూచుచుంటిమి. మాకును తోచలేదు.

క్రొత్త గాస్కెట్టు విశాఖపట్నమునుండి బస్సులో వచ్చినది. బిగించుటలో ఒక క్రమము కలదు. ముందుగా నట్లన్నింటిని చేతితో ఆనించి, పిదప నడుమనుండి చివరలకు, ఒకసారి ఇటు ఒకసారి అటుగా, మూడు విడతలలో బిగింపవలెను. ఒక కొననుండి వరుసగా బిగించుకొనిపోయినచో రెండవ కొన లేచును. బలమున్నదిగదా యని అతిగా బిగించినచో రెక్క వంగును. తరువాత షెడ్డువారు త్రిప్పిన స్క్రూలను మేస్త్రి వెనుకకు త్రిప్పి, పెట్రోలు పాళ్ళు సరిచేసెను. ఇది మరచినచో లీకు పోయినను నల్లపొగ పోదు.

తాళము త్రిప్పగానే ఇంజను అంటుకొన్నది. నడక సమముగా నున్నది. మామయ్య చోకు తీసి, చేయి తీసి, రెండడుగులు వెనుకకు వేసి నిలుచుండెను. ఇంజను ఆగలేదు. అత్తయ్య గుమ్మములోనుండియే చూచి, ఏమియు అనక లోపలికి పోయి మేస్త్రికి కాఫీ పంపెను. గాస్కెట్టు, లేతు పని, స్టడ్డు, మేస్త్రి కూలి అన్నియు కలిపి ఒక వేయి రూపాయలు దాటలేదు.

తరువాత కొంతకాలమునకు ఒక మిత్రుని యొద్ద వాక్యూమ్ గేజి ఎరువు తెచ్చి ఆ ఇంజనుకు తగిలించి చూచితిమి. ఆరోగ్యమైన ఇంజను నిలకడగా తిరుగునపుడు ముల్లు 17 నుండి 21 అంగుళముల నడుమ కదలక నిలువవలెను. మామయ్య బండిలో 18 వద్ద నిలిచినది. అనకాపల్లి సముద్రమట్టమునకు చేరువ గనుక ఆ అంకెలు అట్లే చెల్లును. కొండ ఎక్కినచో ప్రతి వేయి అడుగులకు సుమారొక అంగుళము తగ్గును. లంబసింగిలో ముల్లు దిగి కనిపించినంత మాత్రమున ఎవరును గాస్కెట్టు విప్పనక్కరలేదు.

నేటి కార్లలో కార్బురేటరు లేదు. పొగలో మిగిలిన ప్రాణవాయువును కొలుచు సెన్సరు ఒకటి కలదు. దొంగగాలి చేరినచో కంప్యూటరు పెట్రోలు హెచ్చించి దానిని కప్పిపుచ్చజూచును, చేతగానపుడు అద్దము ముందు పసుపు దీపము వెలిగించును. మానిఫోల్డులు చాలవరకు ప్లాస్టిక్కువి, అతుకులలో రబ్బరు చుట్లు. లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికి వచ్చునో చూచు యంత్రములు వచ్చినవి. కొన్ని కార్లలో బ్రేకుకు సాయపడు శూన్యము గూడ ఈ గొట్టమునుండియే తీసికొందురు. ఆ రబ్బరు గొట్టము చిట్లినచో ఇంజను మాట అటుండగా బ్రేకు పెడలే రాయివలె గట్టిపడును. మరొకటి. 2022లో దేశమున పెట్రోలులో నూటికి 10 పాళ్ళు ఎథనాలు కలుపుట నెరవేరినది. 2025 నాటికి 20 పాళ్ళకు చేరినది. ఎథనాలునకు పెట్రోలుకంటె తక్కువ గాలి చాలును గనుక పాత కార్బురేటరు లెక్కకు మిశ్రమము తానే కొంత పలుచనగును. పాతకాలపు రబ్బరు గొట్టములను గూడ అది త్వరగా చెరచును. అంబాసిడరులను, ఫియట్లను ప్రేమతో పోషించువారు గొట్టములను ఏడాదికొకసారి నొక్కి చూచుట మేలు. ఆ ఎథనాలులో కొంత పంచదార మిల్లుల మడ్డినుండి, చెరకు రసమునుండి వచ్చునదే. అనకాపల్లివారికి ఈ మాట వినోదముగా నుండవచ్చును.

పెండ్లి అనుకొన్న ముహూర్తమునకే జరిగినది. పెండ్లికొడుకును విడిదికి తెచ్చినది ఆ బండియే. మేస్త్రి పెండ్లికి వచ్చి, భోజనము చేసి, తాంబూలము తీసికొని వెళ్ళుచు మామయ్యతో, బండి బాగా వేడెక్కి చల్లారిన తరువాత ఒకసారి తీసికొని రమ్మని చెప్పెను. మూడవనాడు మామయ్య తీసికొనిపోయెను. ఇంజను చల్లారువరకు పాకలో కూర్చుండి, మేస్త్రి స్పానరు తీసి నడుమనుండి చివరలకు ఒక్కొక్క నట్టును ఆనించి చూచెను. రెండు నట్లు పావుచుట్టు తిరిగినవి.